తొలికడవ తెలుగు

ఆ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన భాషోపాధ్యాయుల శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. రిటైరైనవాణ్ణి పిలవడంలో ఒక సుఖం ఉంది. ఎప్పుడు రమ్మన్నా ఖాళీగా ఉంటాడు, శాలువాతో సరిపెట్టుకుంటాడు. నాకంటే ముందు మాట్లాడిన యువకుడు నల్లబల్ల మీద గీతలు గీసి, పరభాష నేర్పేటప్పుడు అందరికీ ఒకే పాఠం పనికిరాదనీ, ఒక్కొక్కరి అవసరం, వేగం, అభిరుచి చూసుకుని విడివిడిగా నేర్పాలనీ, ఇది సరికొత్త పద్ధతి అనీ చెప్పాడు. బాగానే చెప్పాడు. నేను శాలువా కప్పించుకుని, నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చేశాను. అక్కడ చెప్పకుండా మింగినది ఇక్కడ రాస్తున్నాను. ఆ సరికొత్త పద్ధతిని నేను యుద్ధం రోజుల్లో చిత్తూరులో ఒక బావిగట్టు మీద అమలు చేశాను. దాని ఫలితాలు ఎలా ఉంటాయో కొత్తగా చేరిన మీకు ముందే తెలిసి ఉండటం మంచిది.

అప్పట్లో మద్రాసు మీద జపానువాళ్ళు బాంబులు వేస్తారన్న భయం పుట్టి, ఊరు సగం ఖాళీ అయింది. ప్రభుత్వం కొన్ని కార్యాలయాలను లోపలి ఊళ్ళకు తరలించింది. అలా ఒక కార్యాలయం ఫైళ్ళతో, బల్లలతో, మంచినీళ్ళ కూజాతో సహా చిత్తూరులో దిగింది. అందులో గుమాస్తాలందరూ తమిళులు. చిత్తూరు బజారులో తమిళం అర్థం కానివాడు అరుదు గనుక వాళ్ళకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఉద్యోగికి ఇబ్బంది లేకపోవడం ప్రభుత్వానికి నచ్చదు. తెలుగు జిల్లాలో పనిచేసేవారు తెలుగులో మౌఖిక పరీక్ష ప్యాసైతేనే పదవి ఖాయమవుతుందన్న పాత నిబంధనను ఎవరో దుమ్ము దులిపి పైకి తీశారు.

నేను బి.ఏ. ప్యాసై, తిరుపతిలో మా మేనమామ ఇంటి అరుగు మీద కూర్చుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన కొండమీద కొలువులో ఉండేవాడు. నా సంగతి స్వామివారికి రోజూ మనవి చేస్తున్నానని చెప్పేవాడు. స్వామివారికి పని ఎక్కువ. చివరికి మనవి ఎక్కడ విన్నారో ఏమో, ఆ కార్యాలయం అధికారి నన్ను తెలుగు మున్షీగా తీసుకున్నాడు. మున్షీ అంటే గుమాస్తాలకు తెలుగు చెప్పి పరీక్ష గట్టెక్కించేవాడు. నా అర్హత నాకు తెలుగు రావడం. అది ఏమాత్రం చాలదని త్వరలోనే తెలిసింది.

మొదట అందరినీ వరండాలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. "ఇది ఆవు. ఆవు పాలు ఇచ్చును." మీసాలున్న పెద్దమనుషులు వరసగా కూర్చుని ఆవు పాలు ఇచ్చునని ముక్తకంఠంతో అరిచేవారు. అధికారికి మధ్యాహ్నం కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించే అలవాటు ఉండేది. ఆవు గోల వల్ల ఆ ఆలోచన సాగలేదు. ఆయన నన్ను పిలిచి, "ఒక్కొక్కణ్ణీ విడివిడిగా పట్టుకుని నేర్పండి. ఇక్కడ మాత్రం వద్దు" అన్నాడు. నా ఎరుకలో వ్యక్తిగత బోధనా పద్ధతి పుట్టుక ఇదే. పుస్తకాల్లో వేరే రకంగా రాసి ఉంటే రాసి ఉండవచ్చు.

విడివిడిగా పట్టుకున్నాక తెలిసింది, ఎవరికి కావలసిన తెలుగు వారిదేనని. లెక్కలు చూసే గుమాస్తాకు వంకాయలు బేరం ఆడేంత తెలుగు చాలు. బెండకాయల దాకా కూడా వెళ్ళనన్నాడు. టైపు కొట్టే ఆయనకు నాటకాల పిచ్చి. పద్యాలయితేనే నేర్చుకుంటానన్నాడు. సరేనన్నాను. దాంతో ఆయన హోటల్లో కాఫీ కావాలన్నా చెయ్యి చాచి రాగం తీసేవాడు. హోటలు యజమాని కాఫీ తొందరగానే ఇచ్చి పంపేవాడు.

మిగిలింది హెడ్‌ గుమాస్తా.

ఆయన సంగతే నేను చెప్పబోయేది. పెద్దవాడు, నిదానస్తుడు, నుదుట విభూతి, తలపాగా. హెడ్‌ గుమాస్తా కుర్చీలో తాత్కాలికంగా కూర్చుని ఉన్నాడు. తాత్కాలికం అనే మాటకు ప్రభుత్వంలో అర్థం లేదు గనుక ఏళ్ళుగా కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు తెలుగు పరీక్ష ప్యాసైతే కుర్చీ ఖాయం. తప్పితే దాని మీదికి ఆయన కింద పనిచేసే యువకుడు వస్తాడు. ఆ యువకుడి తల్లిది సత్యవేడు. ఉగ్గుపాలతోనే తెలుగు వచ్చింది, పరీక్ష అప్పుడే ప్యాసైపోయాడు. "మాస్టర్, వాడికి పెన్సిల్ చెక్కడం నేర్పింది నేను," అనేవాడు హెడ్‌ గుమాస్తా తమిళంలో. "రేపు వాడు బెల్లు కొడితే నేను లేచి పోవాలా?" అంతకుమించి ఏమీ అనేవాడు కాదు. రాత్రిళ్ళు నిద్ర లేదని మాత్రం ఆయన కళ్ళు చెప్పేవి.

అంత కష్టంలో ఉన్న మనిషికి తెలుగు ఒక్క ముక్క రాలేదు. ఆవును చూపిస్తే ఆవు అనేవాడు. మర్నాడు ఆవు కూడా పోయేది. ఇంటికి వెళ్ళి చెప్పి చూశాను. వీధిలో చెప్పి చూశాను. నోరు తెరిచి, చెమట తుడుచుకుని, నోరు మూసుకునేవాడు.

ఆయన అద్దెకున్నది ఒక ఇంట్లో సగభాగం. మిగతా సగంలో ఇంటి యజమానురాలు ఉండేది. ఆ ఇల్లూ, పెరట్లో బావీ ఆమెకు తండ్రి నుంచి వచ్చినవి. ఇల్లటం వచ్చిన భర్త కూడా ఉండేవాడు. ఆయన ఇంట్లో ఉన్నదీ లేనిదీ గుమ్మం ముందు చెప్పులు చూసి తెలుసుకోవాలి. ఆమెకు ఒక్క తమిళం ముక్క రాదని ఆమే చెప్పేది. కూరగాయలామెతో తమిళంలో బేరం ఆడుతుండగా నేను విన్నాను గానీ, పెద్దవాళ్ళ మాట కాదనడం నాకు అలవాటు లేదు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. రోజూ బావిలో మొట్టమొదట తోడే కడవ ఇల్లాలిదే. ఆ నీళ్ళతో గడప కడిగి దీపం పెట్టేదాకా ఇంకెవరి బొక్కెనా బావిలో దిగకూడదు. మన హెడ్‌ గుమాస్తాకూ ఒక ఆచారం ఉంది. ఎవరూ ముట్టని నీళ్ళతో తెల్లవారకముందే స్నానం చేసి జపానికి కూర్చోవాలి. మొత్తం మీద అది ఇద్దరు భక్తుల మధ్య గొడవ. దేవుడు కల్పించుకోలేదు.

ఒకనాడు పొద్దున్నే పాఠానికి వెళ్ళాను. పెరట్లో బండ మీద కూర్చుని ఆవు పేజీ తెరిచాం. ఆమె కడవ చంకన పెట్టుకుని వచ్చి, తడిసిన చేంతాడు చూసింది.

"ఏమప్పా, తెల్లారకముందే నా బావిలో నీ బొక్కెన ఏసినావే? తొలికడవ ఎవురిదో తెలీదా నీకు?"

హెడ్‌ గుమాస్తా లేచి నిలబడ్డాడు. నేను దుబాసి పని చేయడానికి నోరు తెరిచాను. అవసరం పడలేదు.

"ఎవురిది? నీదా? బావి నువ్వు తవ్వినావా?"

"మా నాయన తవ్వించినాడు! సెంద్రగిరి నించి మనుసుల్ని పిలిపించి తవ్వించినాడు, నా తాళిబొట్టు మీద ఒట్టు!"

"అట్లయితే మీ నాయన్ని వచ్చి అడగమను!"

"మా నాయన పోయి ఎన్నో ఏండ్లాయ గదప్పా!"

"పోతే నేనేం చేసేది? నేను చంపినానా?"

నేను ఆవు పేజీ మూసేశాను. ఇన్నాళ్ళు నేను కొట్టుకున్నా రాని వాక్యాలు ఒక్క తప్పు లేకుండా, గిలక తిరిగినంత సాఫీగా వస్తున్నాయి. ఆమె రుసరుసలాడుతూ వెళ్ళిపోయాక ఆయన కూర్చుని, "ఎక్కడున్నాం, మాస్టర్?" అన్నాడు తమిళంలో.

"ఆవు దగ్గర."

"ఆ... ఆవు..." అని చెమట తుడుచుకున్నాడు.

ఆయన గుట్టు నాకు అప్పుడు తెలిసింది. ఆయన మర్యాదంతా తమిళంలో ఉంది. తెలుగు కోపంలో ఉంది. రోజూ గోడ అవతల నుంచి ఆమె భర్తనూ, పాలవాడినీ, పొరుగువాళ్ళనూ సత్కరిస్తుంటే ఆయన చెవిలో పడినదంతా లోపలికి పోయి దాక్కుంది. కోపం వస్తే తప్ప బయటికి రాదు. శిష్యుడి స్వభావాన్ని బట్టి బోధించమని కదా అధికారి ఆజ్ఞ. ఆ రోజు నుంచి పాఠం వేళను తెల్లవారుజాముకు మార్చాను. స్థలం బావిగట్టు. పుస్తకం అక్కర్లేదు. తొలికడవ గొడవ కాస్త చల్లబడినట్టు కనిపిస్తే నేనే రెండు పుల్లలు ఎగదోసేవాణ్ణి.

"అమ్మా, మీ గిలక మోతకు నిద్ర చెడుతోందని ఆయన బాధపడుతున్నాడు," అనేవాణ్ణి ఆమెతో.

"ఏందీ? నా గిలక మోతా? ఆయప్ప గురక్కి మా గోడకి సున్నం రాల్తా ఉండాది, అది సెప్పు పో అయ్యోరూ!"

నేను తు.చ. తప్పకుండా చెప్పేవాణ్ణి. ఆ పూట పాఠం అయిపోయేది. శిష్యుడిలో ఆసక్తి రేకెత్తించడమే ఉపాధ్యాయుడి మొదటి కర్తవ్యమని ఆ శిక్షణ తరగతిలో యువకుడు కూడా అన్నాడు.

పరీక్ష దగ్గరపడింది. పరీక్షించేవాడు ఒక ఇంగ్లీషు దొర. తమిళం, ఇంగ్లీషు రాని స్థానికుడొకరిని ఎదురుగా నిలబెట్టి, అభ్యర్థి చేత ఆ మనిషితో మాట్లాడించి వింటాడు. స్థానికుణ్ణి వెతికి తేవలసింది మున్షీ. పలమనేరు వైపు నుంచి గొర్రెల కాపరిని ఒకణ్ణి పట్టి తెచ్చి హెడ్‌ గుమాస్తా ముందు కూర్చోబెట్టి చూశాను. వాడు తమలపాకులిచ్చాడు, నవ్వాడు, గొర్రెల క్షేమ సమాచారాలు చెప్పాడు. ఈయనా నవ్వాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. అంత మంచివాడి మీద ఎవరికైనా కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక వేరే దారి లేక ఇంటామె దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, ఆయన ఉద్యోగం ఇప్పుడు నీ నోట్లో ఉంది."

"నా నోట్లో ఉండేదంతా రోజూ ఆయప్పకే ఇస్తా ఉండాను గదా. ఇంకేం మిగిలిందని?"

పరీక్ష సంగతి, కుర్చీ సంగతి, పెన్సిలు చెక్కడం సంగతి చెప్పాను. ఆమె కడవ దించి కింద పెట్టింది.

"అంటే ఆ పిల్లోడు కూసుంటే ఈయప్ప నిలబడాల్నా?"

"అంతే."

"ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే."

కడవ మళ్ళీ చంకకెత్తుకుంది. తర్వాత, "ఆయప్పని నిలబెట్టాల్నంటే నేను నిలబెట్టాల. ఇంగొకడెవుడు నిలబెట్టేదానికి? వస్తాలే, పో" అంది.

"రోజూ బావి దగ్గర ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడు తల్లీ. అంతకంటే ఏమీ వద్దు."

"నాకు తెలీదా అయ్యోరూ? నువ్వు గమ్మునుండు."

ఈ చివరి మాటకు నేను భయపడి ఉండవలసింది.

పరీక్ష రోజు కార్యాలయంలో పెద్ద హాలు ఊడ్చి, దొరకు కుర్చీ వేశారు. హెడ్‌ గుమాస్తా మూసిన కోటు మానేసి, దొర గౌరవార్థం టైపు గుమాస్తా దగ్గర టై ఒకటి అరువు తెచ్చి కట్టుకొచ్చాడు. జన్మలో మొదటిసారి. తలపాగా కింద ఆయన మొహం, టై పైన ఆయన గొంతు, రెండూ ఊపిరికి తడుముకుంటున్నాయి. పెన్సిలు చెక్కడం నేర్చుకున్న యువకుడు కాగితాలు అందించే నెపంతో తలుపు దగ్గర నిలబడ్డాడు. చూపు మాత్రం హెడ్‌ గుమాస్తా కుర్చీ మీద ఉంది.

ఇంటామె వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. పట్టుచీర, తల నిండా పూలు, చేతులు కట్టుకుని ఒదిగి నిలబడటం. వెనక భర్త గొడుగు పట్టుకుని ఉన్నాడు. అప్పుడర్థమైంది నాకు. దొర ముందు మనిషిని తిట్టకూడదని ఆమె సొంతంగా నిర్ణయించుకుంది. మంచి చెప్పడానికి వచ్చింది.

దొర తన తెలుగును పాత కావ్యాల్లోంచి నేర్చుకున్నవాడు. గొంతు సవరించుకుని, "ఓయీ! నీవీ వనితతో గృహకృత్యములను గూర్చి సంభాషింపుము" అన్నాడు. నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. నేను సైగ చేశాను.

హెడ్‌ గుమాస్తా నోరు తెరిచాడు. మూసుకున్నాడు.

"ఏమప్పా, బాగుండావా?" అంది ఆమె. ఆ గొంతులో అంత చక్కెర ఉందని ఆమె భర్తకు కూడా తెలియదనుకుంటాను. ఆయన గొడుగు చేయి మార్చుకున్నాడు. హెడ్‌ గుమాస్తా ఆమె వైపు జబ్బు మనిషిని చూసినట్టు చూశాడు. మాట రాలేదు.

"సానా మంచాయన దొరా," అంది ఆమె, సాయం చేద్దామని. "గొంతెత్తి మాట్లాడేది ఎరగడు."

దొర అభ్యర్థి వైపు చూశాడు.

"పెండ్లాన్ని ఒక్క మాట అనడు."

దొర పెన్సిలు తీసి ఏదో రాశాడు. రాసింది చిన్న మాట. చిన్న మాట ఏదైనా ఆ సమయంలో చెడ్డ మాటే. తలుపు దగ్గరి యువకుడు కాగితాలు సర్దుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. హెడ్‌ గుమాస్తా చెమట తుడుచుకున్నాడు. నేను ఆమె వైపు కళ్ళతోనే దండం పెట్టాను. ఆమె నన్ను చూసింది, యువకుణ్ణి చూసింది, మళ్ళీ దొర వైపు తిరిగింది.

"అంతెందుకు దొరా, బావి కాడ తొలికడవ రోజూ నాకే ఇడిసిపెడతాడు. 'అమ్మా, నీ తర్వాతే నేను' అంటాడు."

హెడ్‌ గుమాస్తా తల పైకి లేచింది.

"ఎవురు?" అన్నాడు.

"నువ్వే గదప్పా."

"ఎవురుమే ఇడిసిపెట్టింది? ఒక్కనాడు, ఒక్కనాడన్నా ఇడిసిపెట్టినానా సెప్పు! దొర ముందర నిలబడి ఇంత పచ్చి అబద్దమా? నాలిక మీద వాత పెట్టాల నీకు!"

"అయ్యో, నీ గురించి మంచి సెప్పేదానికి వస్తే నన్నే తిడతావే!"

"నీ మంచి తీసుకపోయి నీ బావిలో ఎయ్యి! నీకన్నా ముందు లేసేది నేను. నీకన్నా ముందు బొక్కెన దించేది నేను. నువ్వు దుప్పటి తీసేలోగా నా తానం, నా జపం అయిపోతాది. అట్లాంటిది నేను నీకు ఇడిసిపెట్టేదా?"

"ఇడిసిపెట్టినావు!"

"ల్యా! రోజూ తొలికడవ తోడేది నేనే! నా తాళిబొట్టు మీద ఒట్టు!"

అంటూ, ఆమె రోజూ చేసినట్టే, కుడి చేతిని మెడ దగ్గరికి పోనిచ్చి, చేతికి దొరికిన టైని పైకెత్తి దొరకు చూపించాడు.

హాల్లో చాలాసేపు ఎవరూ ఊపిరి పీల్చలేదు. మొదట పీల్చింది ఇంటామె భర్త.

దొర నా వైపు తిరిగాడు. "మున్షీ! పురుషుడు తాళిబొట్టుపై శపథము సేయుట గలదా?"

నేను ఒక్క క్షణం ఆలోచించాను. ఎదురుగా ఒక కుర్చీ ఉంది. దాని చుట్టూ ఒక మనిషి నిద్రలేని రాత్రులున్నాయి. "ఈ ప్రాంతంలో ఉంది దొరగారూ. విషయం బాగా తీవ్రమైనప్పుడు మాత్రమే," అన్నాను.

దొర ఎంతో సంతోషించి ఆ సంగతి రాసుకున్నాడు. ముందు రాసిన చిన్న మాటను కొట్టేశాడు. ఫలితం ఆ వెనక వచ్చింది. అభ్యర్థి తెలుగు ధారాళంగా, ప్రజల వాడుకకు దగ్గరగా ఉందనీ, ప్యాస్ చేయవచ్చుననీ, అయితే ప్రజలతో నేరుగా పని పడని ఉద్యోగంలో ఉంచడం ఉభయులకూ క్షేమమనీ. హెడ్‌ గుమాస్తా కుర్చీ అలాంటిదే గనుక అది ఖాయమైంది. యువకుడు పెన్సిళ్ళు చెక్కుకోవడానికి తిరిగి వెళ్ళాడు.

కొన్నాళ్ళకు ఎక్కడో రైతుల సభలో, పన్ను తగ్గిస్తానని మాట ఇస్తూ ఆ దొర తన టై పట్టుకుని తాళిబొట్టు మీద ఒట్టు వేశాడని చెప్పుకున్నారు. నేను చూడలేదు. కానీ నమ్మాను. నా పద్ధతి అంత దూరం పాకిందంటే ఏ ఉపాధ్యాయుడు నమ్మకుండా ఉంటాడు?

పరీక్షైన సాయంత్రం బావి దగ్గర ఆమెను అడిగాను. "అమ్మా, తొలికడవ మాట తెలిసే అన్నావా, తెలియక అన్నావా?"

"మంచాయనని సెప్పాలనుకున్యా, సెప్పినా," అని కడవ ఎత్తుకుంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆ పిల్లోడు అడుగు ముందరికి ఏసినాడు, సూసినావా?" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

మద్రాసుకు భయం తగ్గాక కార్యాలయం మళ్ళీ ఫైళ్ళతో, కూజాతో సహా తిరుగుముఖం పట్టింది. హెడ్‌ గుమాస్తా బయలుదేరే రోజు పొద్దున వీడ్కోలుకు వెళ్ళాను. జట్కా వాకిట్లో ఉంది. సామాన్లు ఎక్కించారు. "ఆమెకు మర్యాదగా ఒక మాట చెప్పి పోవాలి, మాస్టర్," అన్నాడు. 'పోయొస్తామమ్మా' అన్న ఒక్క మాట నేర్పాను. దారి పొడవునా చెప్పుకుంటూ పెరట్లోకి వెళ్ళాడు.

బావి దగ్గర ఆమె నిలబడి ఉంది. బాగా పొద్దెక్కింది. చేంతాడు ఇంకా పొడిగానే ఉంది.

ఆయన నోరు తెరిచాడు. నేర్పిన మాట రాలేదు. చెమట తుడుచుకున్నాడు.

"ఏమప్పా, ఇయ్యాల నీ బొక్కెన యాడ?" అంది ఆమె. "పొద్దున్నించి కాసుకోని ఉండాను."

"జట్కాలో ఎక్కించినాను."

"ఎవురు ఎక్కించమన్యారు? తొలికడవ తోడకుండా పోతావా? నా బావికి అంత మర్యాద లేదా?"

ఆయన మొహం వికసించింది. "నీ బావికి మర్యాదా? గిలకకి నూనె పెట్టే దిక్కు లేదు, మర్యాదంట! తే ఇట్ల ఆ కడవ!"

"నా కడవ తాకితే సెయ్యి ఇరుగుతాది!"

"ఇరిగితే ఇరిగిందిపో!"

ఆయన ఆమె కడవతోనే నీళ్ళు తోడాడు. తోడుతూ తిట్టాడు. ఆమె పక్కనే నిలబడి తిట్టింది. బయట జట్కావాడు, "సామీ, రైలు పోతాది సామీ!" అని మొత్తుకున్నాడు. నిండిన కడవను ఆమె గడప ముందు దించి, వెనక్కి చూడకుండా వెళ్ళి జట్కా ఎక్కాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల అంది. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

నేను తిరుపతిలో బడిలో పని దొరికి వెళ్ళేలోగా ఆ ఇంటి సగంలోకి కొత్త అద్దెదారు వచ్చాడు. గుంటూరు వైపు నుంచి బదిలీ అయి వచ్చిన గుమాస్తా. మెత్తనివాడు. తొలికడవ ఆమె తోడుకున్నాక, ఎండ వచ్చాక, అడిగి మరీ బొక్కెన దించేవాడు. ఒకరోజు దారిలో ఆమె నన్ను ఆపింది. మొహం వాడిపోయి ఉంది.

"అయ్యోరూ, నువ్వొకసారి మా ఇంటికి రావాల."

"ఏమైందమ్మా?"

"ఈ కొత్తాయన. ఏమన్యా 'సరేనండి' అంటాడు. ఎంత తిట్టినా 'సరేనండి'. నోట్లో ఒక్క మాట ల్యా." గొంతు తగ్గించింది. "పాపం, ఆయనకి కూడా కొంచిం తెలుగు నేర్పియ్యరాదా?"